పుల్ల పెట్టింది ఎవరికి? - కోవిడ్ పరీక్షల డబ్బు, పంపిణీ, దళితవాడ

కోవిడ్ గురించి చాలా రాశారు. లాక్‌డౌన్ గురించి, నడిచి వెళ్లిన వలస కూలీల గురించి, ఆక్సిజన్ గురించి, టీకా గురించి రాశారు. పరీక్ష గురించి మాత్రం తక్కువ రాశారు. ముక్కులో పుల్ల పెట్టించుకున్నామా లేదా అన్నది చిన్న విషయంలాగే కనపడింది. కానీ మా ఉద్దేశంలో దళితుల వైపు నుంచి చూసినప్పుడు ఆ పుల్లే అసలు విషయం. ఎందుకంటే 2020, 2021 సంవత్సరాల్లో ఒక మనిషికి జబ్బు ఉందని ప్రభుత్వం ఒప్పుకోవాలంటే పరీక్ష కాగితం కావాలి. అతను ఆ జబ్బుతోనే చనిపోయాడని ఒప్పుకోవాలన్నా అదే కాగితం కావాలి. పరీక్ష చేయించుకోని మనిషి లెక్కలో లేడు. లెక్కలో లేని మనిషికి మంచం లేదు, సెలవు లేదు, చచ్చాక పరిహారమూ లేదు.

ఆ పరీక్షలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికి చేయాలో ఎవరు నిర్ణయించారు? యంత్రాలూ కిట్లూ ఎక్కడికి చేరాయి, ఎక్కడ ఆగిపోయాయి? ఈ మూడు ప్రశ్నలనే ఈ వ్యాసంలో చర్చిస్తాం. చివర్లో, ఇది మళ్లీ జరగకుండా ఉండాలంటే మనం ఏం అడగాలో చెబుతాం.

పాత చట్టం, పాత చూపు

అంటువ్యాధి వచ్చినప్పుడు రాజ్యం ఎట్లా ఆలోచిస్తుందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఆ చట్టం నిండా అధికారుల అధికారాలే. ఇంట్లోకి వెళ్లి చూడొచ్చు, మనిషిని ఆపొచ్చు, వేరుచేయొచ్చు. జబ్బుపడ్డవాడికి ఫలానాది హక్కుగా దక్కాలి అన్న మాట అందులో లేదు. అదే ఏడాది మార్చి 10న పూనాలో సావిత్రిబాయి ఫూలే ప్లేగుతో చనిపోయింది. ఆమె ప్లేగు రోగులకు సేవ చేసింది. మహర్‌వాడలో జబ్బుపడిన పిల్లవాణ్ని తన కొడుకు నడుపుతున్న వైద్యశాలకు ఎత్తుకొచ్చిందనీ, అట్లా ఆమెకూ జబ్బు సోకిందనీ ఆమె చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఒకవైపు మనిషిని వేరుచేసే చట్టం, మరోవైపు వాడలోకి నడిచి వెళ్లి రోగిని ఎత్తుకొచ్చిన ఒక శూద్ర స్త్రీ. ఈ రెండూ ఒకే ఏడాదివి.

నూట ఇరవై మూడేళ్ల తర్వాత, 2020 మార్చిలో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ కోవిడ్ నిబంధనలు తెచ్చింది ఆ 1897 చట్టం కిందే. దాంతోపాటు 'సామాజిక దూరం' అన్న మాట ఊరూరా మైకుల్లో మోగింది. ఆ మాట పుట్టుకతోనే మన మీద అమలవుతున్నదని చెప్పినవాళ్లను చూసి కొందరు నవ్వారు. మనుషుల మధ్య ఆరడుగుల దూరం అంటే సరిపోయేదానికి 'సామాజిక' అన్న మాట ఎందుకు చేర్చారో వాళ్లు చెప్పలేదు.

పరీక్ష అంటే ఏమిటి?

పరీక్షలన్నీ ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోతే పంపిణీలో జరిగింది అర్థం కాదు. అందుకని ముందు దాన్ని చూద్దాం.

మొదటిది ఆర్‌టీ-పీసీఆర్. ముక్కులోంచి, గొంతులోంచి పుల్లతో తీసిన నమూనాను ఒక ద్రవం ఉన్న గొట్టంలో వేసి, చల్లగా ఉంచి ల్యాబుకు పంపాలి. అక్కడ వైరస్ జన్యు పదార్థాన్ని విడదీసి, యంత్రంలో లక్షల రెట్లు పెంచి చూస్తారు. నమ్మకమైన పరీక్ష ఇదే. కానీ దీనికి ప్రత్యేకమైన ల్యాబు కావాలి, శిక్షణ ఉన్న మనిషి కావాలి, నమూనా ప్రయాణం చేయాలి. అంటే ఇది మెడికల్ కాలేజీ ఉన్న ఊరి పరీక్ష.

రెండోది ట్రూనాట్. గోవాలోని మోల్‌బయో అనే కంపెనీ చేసిన చిన్న యంత్రం. బ్యాటరీ మీద నడుస్తుంది, సుమారు గంటలో ఫలితం వస్తుంది. దీన్ని క్షయ పరీక్ష కోసం ముందే జిల్లాల్లో పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి కోవిడ్‌కు వాడుకోవడానికి అనుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దీన్ని బాగా వాడింది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. క్షయ పేదల జబ్బు. పేదల జబ్బు కోసం పెట్టిన యంత్రమే కష్టకాలంలో అందరికీ పనికొచ్చింది. అయితే ఆ యంత్రాలు కోవిడ్ పనిలో ఉన్నన్ని రోజులు క్షయ రోగి ఎక్కడికి పోయాడన్న ప్రశ్న కూడా ఉంది.

మూడోది యాంటిజెన్ పరీక్ష. చిన్న పట్టీ మీద అరగంటలోపు ఫలితం వస్తుంది. యంత్రం అక్కర్లేదు. 2020 జూన్ 14న ఐసీఎంఆర్ దీన్ని అనుమతించింది. అనుమతించేటప్పుడే దాని లోపం కూడా చెప్పింది. జబ్బు ఉన్నవాళ్లను ఇది 50.6 నుంచి 84 శాతం దాకానే పట్టుకుంటుంది. అంటే జబ్బున్న వందమందిలో పదహారు మంది నుంచి నలభై తొమ్మిది మంది దాకా 'లేదు' అని చెప్పించుకుని ఇంటికి పోవచ్చు. అందుకే లక్షణాలుండి యాంటిజెన్‌లో లేదని వస్తే ఆర్‌టీ-పీసీఆర్ తప్పనిసరిగా చేయాలన్నారు. 2020 సెప్టెంబరులో కేంద్రం రాష్ట్రాలకు ఇదే మాట మళ్లీ గుర్తు చేయాల్సి వచ్చింది. గుర్తు చేయాల్సి వచ్చిందంటేనే అది జరగడం లేదని అర్థం.

ఇవి కాక యాంటీబాడీ పరీక్షలున్నాయి. అవి రక్తంలో చూస్తాయి. ఈ రోజు జబ్బు ఉందా అని చెప్పవు, ఎప్పుడైనా వచ్చి పోయిందా అని చెబుతాయి. వాటి కథ కొనుగోళ్ల దగ్గర చెబుతాం.

ఎవరు అర్హులు?

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 12న నెల్లూరులో బయటపడ్డాయి. మొదటి వారాల్లో పరీక్షకు అర్హత విదేశీ ప్రయాణం. విమానం దిగినవాళ్లు, వాళ్లను కలిసినవాళ్లు, వాళ్లకే. కిట్లు తక్కువ ఉన్నాయి కాబట్టి అది కొంతవరకు అర్థం చేసుకోదగ్గదే. మార్చి 20న ఆ జాబితా పెంచారు. తీవ్రమైన శ్వాస ఇబ్బందితో ఆసుపత్రిలో చేరినవాళ్లు, లక్షణాలున్న ఆరోగ్య సిబ్బంది చేరారు. ఏప్రిల్ 9న హాట్‌స్పాట్లలో జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు చేరారు. మే 18న తిరిగొచ్చిన వలస కూలీలు, 'ఫ్రంట్‌లైన్ వర్కర్లు' చేరారు. అడిగినవాళ్లకు పరీక్ష అన్నది సెప్టెంబరు 4న గాని రాలేదు.

ఈ తేదీల వరసను ఒక పారిశుద్ధ్య కార్మికురాలి వైపు నుంచి చదవండి. లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. అందరూ ఇంట్లో ఉండాలన్నారు, ఆమె మాత్రం వీధిలో ఉండాలన్నారు. క్వారంటైన్ ఇళ్ల చెత్త ఎత్తింది ఆమె. ఆమె మీద పూలు చల్లారు, చప్పట్లు కొట్టారు. కానీ ఆమెకు జ్వరం వస్తే, విదేశం పోలేదు, ఆసుపత్రిలో చేరలేదు, మున్సిపాలిటీ కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి కాబట్టి ఆరోగ్య సిబ్బంది అన్న మాట కిందకూ స్పష్టంగా రాదు. ఆమెలాంటి వాళ్లు పరీక్ష జాబితాలో ఒక వర్గంగా కనపడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. చప్పట్లు మార్చిలో వచ్చాయి, పరీక్ష మేలో వచ్చింది. తెలుగు పట్టణాల్లో ఈ పని ఏ కులాలు చేస్తున్నాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

డబ్బు ఎక్కడిది?

మూడు సంచుల్లోంచి వచ్చింది. మొదటిది కేంద్రం అత్యవసర ప్యాకేజీ. 2020 ఏప్రిల్‌లో రూ. 15,000 కోట్లతో ప్రకటించారు. అందులో రూ. 7,774 కోట్లు వెంటనే ఖర్చు చేయడానికి, మిగతాది ఒకటి నుంచి నాలుగేళ్లలో ఖర్చు చేయడానికి. పరీక్షలు, ల్యాబులు, ఆసుపత్రులు, మందులు అన్నీ ఇందులోనే. దీనికి ప్రపంచ బ్యాంకు నుంచీ అప్పు తెచ్చారు. 2021 జులైలో రెండో ప్యాకేజీ రూ. 23,123 కోట్లు.

రెండో సంచి రాష్ట్ర విపత్తు సహాయ నిధి. మామూలు రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. 2020 మార్చి 14న కోవిడ్‌ను విపత్తుగా ప్రకటించి, నమూనాల సేకరణకూ అదనపు ల్యాబులకూ ఈ నిధి వాడుకోవచ్చన్నారు. ఎంత వాడొచ్చు అన్నదానికి పరిమితి పెట్టారు. అది 35 శాతంగా ఉండగా సెప్టెంబరులో 50 శాతానికి పెంచారు. అదే మార్చి 14న జరిగిన ఇంకో విషయం జ్ఞాపకం పెట్టుకోవాలి. ఆ రోజు మొదట వచ్చిన ఉత్తర్వులో కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రూ. 4 లక్షల సాయం ఉంది. కొద్ది గంటల్లో సవరించిన ఉత్తర్వు వచ్చింది. అందులో ఆ మాట లేదు.

మూడో సంచి జనం జేబు. దీని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఈ డబ్బుతో కొన్నది ఎట్లా ఉందో చూడండి. ఐసీఎంఆర్ చైనా నుంచి యాంటీబాడీ కిట్లు తెప్పించడానికి ఒక్కొక్కటి రూ. 600 చొప్పున ఆర్డరు పెట్టింది. దిగుమతిదారుకూ పంపిణీదారుకూ తగాదా వచ్చి ఢిల్లీ హైకోర్టుకు పోతే, ఆ కిట్టు దేశంలో దిగేసరికి పడిన ఖర్చు రూ. 245 అని బయటపడింది. కోర్టు రూ. 400 మించి అమ్మొద్దంది. ఇంతలో ఆ కిట్ల ఫలితాలు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా వస్తున్నాయని రాష్ట్రాలు మొత్తుకున్నాయి. ఏప్రిల్ 27న ఐసీఎంఆర్ వాటిని వాడొద్దు, తిప్పి పంపండి అంది. డబ్బు ముందుగా కట్టలేదు కాబట్టి ఒక్క రూపాయి నష్టం లేదని కేంద్రం చెప్పింది. రూపాయి నష్టం లేకపోవచ్చు. ఏప్రిల్ నెల నష్టమైంది.

ఆంధ్రప్రదేశ్ అదే నెలలో దక్షిణ కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ కిట్లు తెప్పించింది. ధర ఒక్కోటి రూ. 730. ఛత్తీస్‌గఢ్ అదే కంపెనీ కిట్లను రూ. 337కు, పన్ను అదనంగా, కొన్నట్టు తెలియగానే గొడవైంది. వేరేవాళ్లకు తక్కువకు అమ్మితే మాకూ అదే ధర అన్న షరతు ఒప్పందంలో ఉందనీ, తక్కువ ధరే కడతామనీ ప్రభుత్వం జవాబిచ్చింది. ఇక్కడ మేం ఏ పార్టీని తప్పుపట్టడానికీ రాయడం లేదు. కష్టకాలంలో రాష్ట్రాలు ఒక్కొక్కటి విడివిడిగా బజారుకు పోతే వ్యాపారి చెప్పిందే ధర అవుతుంది అన్నదే మా పాయింటు. పన్ను కూడా అట్లాంటిదే. పరీక్ష కిట్ల మీద 12 శాతం జీఎస్‌టీ ఉండేది. దాన్ని 5 శాతానికి తగ్గించింది 2021 జూన్‌లో, రెండో ఉధృతి చాలామందిని మింగిపోయాక.

పందొమ్మిది రోజుల కూలి

2020 మార్చి 21న ఐసీఎంఆర్ ప్రైవేటు ల్యాబులకు అనుమతిస్తూ పరీక్ష ధర రూ. 4,500 మించకూడదంది. స్క్రీనింగ్‌కు 1,500, నిర్ధారణకు 3,000. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు రూ. 237. లెక్క వేసుకోండి. ఒక పరీక్ష అంటే పందొమ్మిది రోజుల కూలి. అదీ పని దొరికితే.

ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రైవేటు ల్యాబుల్లో కూడా పరీక్ష ఉచితంగా చేయాలంది. ల్యాబులకు డబ్బు ఎవరివ్వాలన్నది తర్వాత చూద్దామంది. ఐదు రోజులకే, ఏప్రిల్ 13న, ఆ ఉత్తర్వు సవరించింది. ఆయుష్మాన్ భారత్ కిందకు వచ్చేవాళ్లకూ, ప్రభుత్వం గుర్తించే బలహీన వర్గాలకూ మాత్రమే ఉచితం. మిగతావాళ్లు కట్టుకోవాలి.

పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఆయుష్మాన్ భారత్ 2011 సామాజిక ఆర్థిక కుల గణన మీద ఆధారపడింది. గ్రామాల్లో ఎస్‌సీ, ఎస్‌టీ కుటుంబం కావడం అందులో ఒక అర్హత. పట్టణాల్లో పారిశుద్ధ్య పనివాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు అర్హులు. అంటే కోర్టు ఉత్తర్వు కాగితం మీద దళితులకు పనికొచ్చేదే. కానీ తెలంగాణ అప్పటికి ఆయుష్మాన్ భారత్‌లో లేదు. 2021 మే నెలలో గాని చేరలేదు. ఇంకా చెప్పాలంటే 2020 జూన్ 15 దాకా తెలంగాణలో ప్రైవేటు ల్యాబులకు పరీక్షల అనుమతే లేదు. ఆ పథకంలో లేని రాష్ట్రంలోని మాదిగవాడకు, మాలవాడకు ఢిల్లీ ఉత్తర్వు ఏం చేస్తుంది? ఒక హక్కును ఒక కార్డుకు కట్టేస్తే, ఆ కార్డు లేనిచోట హక్కు కూడా ఉండదు.

జూన్‌లో తెలంగాణ ప్రైవేటు ధర రూ. 2,200 అని నిర్ణయించింది. తొమ్మిది రోజుల కూలి. ఏడాది చివరికి రెండు రాష్ట్రాల్లోనూ అది రూ. 500 దగ్గరికి దిగింది. దాదాపు తొమ్మిది నెలల్లో 4,500 పోయి 500 అయ్యిందంటే, మొదటి ధరలో పరీక్షది ఎంత, కొరతది ఎంత అన్నది ఎవరికైనా తడుతుంది.

ప్రభుత్వ పరీక్ష ఉచితమే గదా అనొచ్చు. నిజమే. కానీ ఉచితం అంటే ఖర్చు లేనిది కాదు. మండల కేంద్రంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. బస్సులు లేవు కాబట్టి ఆటో మాట్లాడుకోవాలి. వరసలో నిలబడాలి. ఆ రోజుకు వచ్చిన కిట్లు అయిపోతే రేపు రమ్మంటారు. ఆ రోజు కూలి పోతుంది, రేపటి కూలీ పోతుంది. ఉందని తేలితే పద్నాలుగు రోజులు ఇంట్లో వేరే గదిలో ఉండమంటారు. వేరే గది ఎక్కడిది? ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో వేరుగా ఉండటమంటే వాకిట్లో పడుకోవడమే. పైగా ఆసామి పనికి రావొద్దంటాడు, వాడ మొత్తాన్నీ రావొద్దంటాడు. 'వాళ్లు పరీక్షకు ముందుకు రావడం లేదు, అవగాహన లేదు' అని అధికారులు అన్నప్పుడు ఈ లెక్క వాళ్ల దగ్గర లేదు. మనవాళ్ల దగ్గర అవగాహన ఉంది. పరీక్షలో ఉందని తేలితే ఏం పోతుందో వాళ్లకు బాగా తెలుసు.

యంత్రాలు ఎక్కడ చేరాయి?

2020 జనవరిలో దేశం మొత్తానికి ఈ పరీక్ష చేయగలిగింది పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ ఒక్కటే. జూన్ చివరి వారానికి ల్యాబులు వెయ్యి అయ్యాయి. అందులో 730 ప్రభుత్వానివి. జులై మొదటి వారానికి కోటి పరీక్షలు పూర్తయ్యాయి. ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో మైక్రోబయాలజీ విభాగాలు రాత్రింబగళ్లు పనిచేశాయి. ప్రైవేటే దిక్కు అనేవాళ్లకు ఇది జవాబు.

కానీ ఎక్కడున్నాయి ఆ ల్యాబులు? తెలంగాణలో మొదట హైదరాబాదు చుట్టూనే. గాంధీ, ఉస్మానియా, ఫీవర్ ఆసుపత్రి, నిమ్స్, ఐపీఎం, తర్వాత సీసీఎంబీ. బయట చెప్పుకోవాలంటే వరంగల్. ఆంధ్రలో తిరుపతి స్విమ్స్‌తో మొదలై విజయవాడ, కాకినాడ, అనంతపురం వంటి చోట్లకు పెరిగాయి. ఆదిలాబాదు గూడెంలో జ్వరపడ్డ మనిషి నమూనా ఎంత దూరం పోవాలో ఊహించుకోండి. తెలంగాణలో పరీక్షలు చాలా తక్కువ చేస్తున్నారని హైకోర్టు 2020లో పదే పదే ప్రశ్నించింది. ఆసుపత్రి నుంచి శవాన్ని ఇచ్చే ముందు పరీక్ష చేయాలని మే 26న ఆదేశించింది. ఆ ఆదేశాలపై జూన్‌లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

యాంటిజెన్ పట్టీ వచ్చాక పరీక్ష పల్లెకు చేరింది. ఆంధ్రలో ఆర్‌టీసీ బస్సులను మార్చి 'సంజీవని' పేరుతో నమూనాలు తీశారు. వాలంటీర్లు యాభై ఇళ్లకొకరు చొప్పున జ్వరాల సర్వే చేశారు. అది మంచి పని. బస్సు వాడ దాకా రాగలదు, ల్యాబు రాలేదు. అయితే ఒక తేడా ఇక్కడ స్థిరపడిపోయింది. డబ్బున్నవాడికి, పట్నంవాడికి ఆర్‌టీ-పీసీఆర్. పల్లెవాడికి పట్టీ. నమ్మకమైన పరీక్ష ఒకరికి, సగం నమ్మకమైన పరీక్ష ఇంకొకరికి. పట్టీలో లేదని వచ్చినవాడికి రెండో పరీక్ష చేస్తే ఈ తేడా పోయేది. దానికి మళ్లీ నమూనా, మళ్లీ ప్రయాణం, మళ్లీ ల్యాబు కావాలి.

జబ్బు ఎక్కడుందో, పరీక్ష ఎక్కడుందో పోల్చి చూడటానికి ఒక మార్గం ఉంది. యాంటీబాడీల సర్వేలు. ముంబైలో 2020 జులైలో చేసిన సర్వేలో మురికివాడల్లో 57 శాతం మందికి జబ్బు వచ్చి పోయినట్టు తేలింది. మురికివాడలు కానిచోట్ల 16 శాతం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో పట్టణ మురికివాడల్లో 15.6 శాతం, మిగతా పట్టణాల్లో 8.2 శాతం, గ్రామాల్లో 4.4 శాతం. పరీక్షలో బయటపడిన ఒక్కో కేసుకు 26 నుంచి 32 మంది దాకా జబ్బు సోకినవాళ్లున్నారని అదే సర్వే చెప్పింది. రోజూ సాయంత్రం టీవీలో చూపిన అంకె జబ్బు సోకినవాళ్ల సంఖ్య కాదు. పుల్ల చేరినవాళ్ల సంఖ్య.

కులం లేని ఫారం

పరీక్ష దగ్గర నింపిన ఫారంలో పేరు, వయసు, ఆడా మగా, ఫోను, చిరునామా, లక్షణాలు, ప్రయాణం అడిగారు. కులం అడగలేదు. రోజువారీ బులెటిన్లలో జిల్లా వచ్చింది, కులం రాలేదు. ఆ కారణంగా ఎంతమంది దళితులకు పరీక్ష జరిగింది, ఎంతమంది చనిపోయారు అన్న ప్రశ్నకు ప్రభుత్వ జవాబు ఏనాటికీ ఉండదు. స్కాలర్‌షిప్‌కు, రేషన్‌కు, పెన్షన్‌కు, పిల్లవాణ్ని బళ్లో చేర్చడానికి కులం అడిగే రాజ్యం, ప్రాణం దగ్గర మాత్రం కులం చూడలేదు. అమెరికాలో 2020 ఏప్రిల్‌లోనే షికాగో నగర జనాభాలో మూడో వంతు కూడా లేని నల్లజాతివాళ్లు కోవిడ్ మరణాల్లో దాదాపు 70 శాతం ఉన్నారని బయటపడింది. బయటపడిందంటే, రాశారు కాబట్టి. రాయకపోతే అక్కడా 'వైరస్‌కు రంగు లేదు' అని సరిపెట్టేవాళ్లు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. దాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. కులం రాస్తే జబ్బును ఆ కులానికి అంటగడతారు గదా? 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ తర్వాత ముస్లింలకు జరిగింది చూశాం. కొన్ని బులెటిన్లలో ఆ సంఖ్యను వేరే గీసి చూపారు. ఆ తర్వాత కూరగాయలమ్మే ముస్లింను కూడా వీధిలోకి రానివ్వని చోట్లున్నాయి. కాబట్టి మేం అడిగేది ఊరిపేరు, వాడపేరుతో రోజూ చాటింపు వేయమని కాదు. ఫారంలో రాయండి, జిల్లా స్థాయిలో కలిపిన లెక్కను బయటపెట్టండి, విడి మనిషి వివరం దాచండి అని. అవమానానికి భయపడి లెక్క మానేస్తే అవమానం ఎట్లాగూ ఉంటుంది, లెక్క మాత్రం పోతుంది.

కాగితం లేని చావు

ఇక అసలు విషయానికి వద్దాం. 2020 మార్చిలో కేంద్రం ఆరోగ్య కార్యకర్తలకు రూ. 50 లక్షల బీమా ప్రకటించింది. ప్రకటనలో సఫాయి కర్మచారులు, వార్డు బాయ్‌లు, ఆశా కార్యకర్తల పేర్లున్నాయి. సంతోషించాం. కానీ కోవిడ్‌తో చనిపోయినట్టు క్లెయిము పెట్టాలంటే పాజిటివ్ అని చెప్పే ల్యాబు రిపోర్టు జతచేయాలి. పరీక్షే అందనివాడికి రిపోర్టు ఎక్కడిది?

2021లో రెండో ఉధృతిలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే పెట్టింది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, లక్షణాలున్నవాళ్లకు పరీక్ష కోసం ఆగకుండా మందుల కిట్టు ఇచ్చారు. వైద్యం వైపు నుంచి చూస్తే అది తెలివైన పని. పరీక్షలు చాలనప్పుడు మందన్నా ముందు చేరింది. కానీ ఆ మందు తీసుకుని, ఇంట్లోనే ఊపిరాడక చనిపోయిన మనిషి చేతిలో ఏ కాగితమూ లేదు.

జూన్ 30న సుప్రీంకోర్టు కోవిడ్ మృతుల కుటుంబాలకు సాయం ఇవ్వాల్సిందేనంది. సెప్టెంబరులో రూ. 50,000 అని ఖరారు చేశారు. అది కూడా రాష్ట్ర విపత్తు నిధి నుంచే. ఏ నిధిలోంచి పరీక్షలకు ఖర్చు పెట్టారో అదే నిధి. షరతు ఏమిటంటే, పరీక్షలో పాజిటివ్ అని తేలాలి, లేదా ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడి డాక్టరు కోవిడ్ అని తేల్చి ఉండాలి. ఆ తేదీ నుంచి ముప్పై రోజుల్లోపు మరణం జరగాలి. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని అక్టోబరు 4న కోర్టు చెప్పింది. జిల్లాల్లో ఫిర్యాదుల కమిటీలు వేయమన్నారు. అది కొంత దారి తెరిచింది. కానీ ఇంట్లో, పరీక్ష లేకుండా, ఆసుపత్రి మెట్లెక్కకుండా పోయినవాళ్లకు ఆ దారి కూడా మూసే ఉంది. వాళ్లు ఎవరో చెప్పాలా?

2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన అంకెలు చూడండి. తెలంగాణలో అధికారిక మరణాలు నాలుగు వేలలోపు. సాయం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక మరణాలు సుమారు 14,500, దరఖాస్తులు 36 వేలకు పైగా. దరఖాస్తు పెట్టగలిగిన వాళ్లే ఇంతమంది. పెట్టలేనివాళ్లు ఈ అంకెల్లో కూడా లేరు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లలో మనదేశంలో మామూలు కంటే 47 లక్షల మంది ఎక్కువగా చనిపోయారని అంచనా వేసింది. అధికారిక లెక్క 4.8 లక్షల చిల్లర. కేంద్రం ఆ అంచనా పద్ధతిని ఒప్పుకోలేదు. పద్ధతి మీద వాదన ఉండొచ్చు. పదోవంతుకు తగ్గిన లెక్కతో మనం సరిపెట్టుకోలేం.

ఏం అడగాలి?

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యమం చేసి సాధించుకున్న ఎస్‌సీ, ఎస్‌టీ ఉపప్రణాళిక చట్టం ఒక సూత్రం చెప్పింది. ఖర్చు దళిత వ్యక్తికో, కుటుంబానికో, వాడకో నేరుగా చేరాలి, చేరినట్టు కొలవడానికి వీలుండాలి. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ 2023లో పదేళ్లకు పొడిగించింది. రోడ్డు దగ్గర, పంపు దగ్గర ఈ సూత్రం గురించి కొట్లాడాం. పరీక్ష దగ్గర కొట్లాడలేదు. ఎందుకంటే జబ్బు అందరిదీ అని మనమూ నమ్మాం. జబ్బు అందరిదే. పుల్ల అందరిదీ కాలేదు.

కాబట్టి మేం ప్రతిపాదించేవి ఇవి. ఒకటి, అంటువ్యాధి పరీక్షకు అర్హులు ఎవరన్న మొదటి జాబితాలోనే పారిశుద్ధ్య, శ్మశాన, చెత్త పనివాళ్లు, కాంట్రాక్టు వాళ్లతో సహా, పేరుతో ఉండాలి. రెండు, పరీక్ష ఉచితం అన్నది ఏ కార్డుకూ ముడిపెట్టకూడదు. పరీక్ష రోజుకూ, వేరుగా ఉండే రోజులకూ కూలి ఇవ్వాలి. మూడు, నమూనా బండి మండల కేంద్రంలో కాదు, వాడలో ఆగాలి. పట్టీలో లేదని వచ్చిన జ్వరానికి రెండో పరీక్ష ఆ బండి బాధ్యత కావాలి. నాలుగు, కులం రాయాలి, కలిపిన లెక్క బయటపెట్టాలి. ఐదు, పరీక్ష చేయలేకపోయింది ప్రభుత్వమైనప్పుడు, పరీక్ష లేదన్న కారణంతో పరిహారం ఎగ్గొట్టే హక్కు ప్రభుత్వానికి ఉండకూడదు. ఆశా కార్యకర్త జ్వర సర్వే పుస్తకంలో ఉన్న పేరు, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలాలి.

అప్పటిదాకా వాడవాడలో మనమే ఆ పుస్తకం రాసుకోవాలి. 2020లో ఎవరు పోయారు, 2021లో ఎవరు పోయారు, ఎన్ని రోజులు జ్వరం, ఎవరన్నా వచ్చి పుల్ల పెట్టారా లేదా. చదువుకున్న పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. నోటుపుస్తకం, పెన్ను చాలు. చనిపోయినవాళ్ల ఇళ్లలో జ్ఞాపకం ఇంకా ఉంది. అది మాసిపోక ముందే మొదలుపెట్టాలి.